వెంట వెళ్ళిన మనిషి ఏం చేస్తున్నట్టు?

భర్త ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్తూ భార్యని కూడా తీసుకెళ్తే, ఆ ప్రయాణం గురించి మనం ఇద్దరి విషయంలో రెండు రకాలుగా మాట్లాడతాం. ఆయన ‘క్యాంపుకి వెళ్ళారు’. ఆవిడ ‘సరదాగా కూడా వెళ్ళింది’. ఎక్కిన రైలు ఒకటే, దిగిన హోటల్ గది ఒకటే, తిరిగొచ్చే తేదీ ఒకటే. కానీ ఒకరిది పని, ఇంకొకరిది తీరిక. ‘తీసుకెళ్ళడం’ అన్న క్రియ కూడా చూడండి. సామాను తీసుకెళ్తాం, పిల్లల్ని తీసుకెళ్తాం, భార్యని తీసుకెళ్తాం. ‘నీకేమమ్మా, అదృష్టవంతురాలివి, ఊళ్ళు చూస్తున్నావు’ అనే పొరుగింటి మాటలో అసూయ ఎంత ఉందో, నువ్వు ఏ పనీ చెయ్యడం లేదన్న తీర్పు కూడా అంతే ఉంది.

ఈ ‘సరదా’ అన్న మాటని కొంచెం గట్టిగా పట్టుకుని చూడాలనిపించింది. భర్త పని ఊరికి వెంట వెళ్ళిన స్త్రీ అక్కడ ఏం చేస్తుంది? ఆమె చేసినదాన్ని పని అని ఎవరు నిర్ణయిస్తారు? ఆమె కలం పట్టినా, కెమెరా పట్టినా దాన్ని మనం ఎలా చదువుతున్నాం? ఈ ప్రశ్నలకి నాకు బాగా ఉపయోగపడినవి ఒకే ఇంట్లోంచి వచ్చిన మూడు రచనలు. తల్లి ఎలినార్ కొపోలా 1979లో ప్రచురించిన ‘నోట్స్’ అనే పుస్తకం, కూతురు సోఫియా కొపోలా 2003లో తీసిన ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ సినిమా, మళ్ళీ తల్లే ఎనభయ్యేళ్ళ వయసులో, 2016లో తీసిన ‘పారిస్ కెన్ వెయిట్’. మూడింటిలోనూ ఉన్నది ఒకే మనిషి: భర్త పని మీద వెళ్తే వెంట వెళ్ళిన భార్య.

1976 మార్చిలో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా ‘అపొకలిప్స్ నౌ’ షూటింగ్ కోసం ఫిలిప్పీన్స్ వెళ్ళాడు. జోసెఫ్ కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలని వియత్నాం యుద్ధంలోకి మార్చి తీస్తున్న సినిమా అది. భార్య ఎలినార్ ముగ్గురు పిల్లలతో వెంట వెళ్ళింది. చిన్నపిల్ల సోఫియాకి అప్పటికి ఐదేళ్ళు నిండలేదు. కొన్ని నెలల్లో అయిపోతుందనుకున్న షూటింగ్ ఏడాది దాటింది. 1976 మే నెలలో వచ్చిన తుఫాను సెట్లని కూల్చేసింది. 1977 మార్చిలో కథానాయకుడు మార్టిన్ షీన్‌కి గుండెపోటు వచ్చింది. ఇవన్నీ సినిమా చరిత్రలో చాలాసార్లు చెప్పిన కథలే. ఒక మేధావి అడవిలో తన సినిమాతో పోరాడిన కథగా అది స్థిరపడిపోయింది.

ఆ కథలో ఎలినార్ ఎక్కడుంది? ఆమె ఊరికే వెంట వచ్చిన మనిషి కాదు. డిజైన్ చదువుకుంది. భర్తని మొదట కలిసిందే ఐర్లండులో ‘డిమెన్షియా 13’ సినిమాకి కళావిభాగంలో సహాయకురాలిగా పనిచేస్తున్నప్పుడు. 1963లో పెళ్ళి. ఆ తర్వాత పిల్లలు, ఇళ్ళు, భర్త షూటింగులు. ఫిలిప్పీన్స్ వెళ్ళాక, సినిమా తయారీ మీద ఒక డాక్యుమెంటరీకి కావలసిన దృశ్యాలు తియ్యమని భర్త ఆమె చేతికి కెమెరా ఇచ్చాడు. యూనిట్‌లోకి ఇంకో బయటి బృందం రావడం అతనికి ఇష్టం లేదు. భార్య అయితే బయటి మనిషి కాదు కదా! కెమెరా వెనకాల ఉన్నా లేనట్టే ఉంటుంది. ఆ ‘లేనట్టే ఉండడం’ ఆమెకి వచ్చిన అర్హత. అంతకు ముందు పదమూడేళ్ళుగా ఆమె చేస్తున్న ఉద్యోగమే అది.

‘నోట్స్’ పుస్తకం తేదీలతో, చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్కలో సెట్టు మీద పేలుళ్ళు, ఇంకో ముక్కలో పిల్లలు, ఇంకో ముక్కలో తిండి, ఎండ, వాన, ఇల్లు. ఈ ముక్కల పద్ధతిని ఒక శైలి అని చెప్పి ఊరుకోవచ్చు. నాకు మాత్రం అది ఆమె సమయం తాలూకు ఆకారంలా కనిపిస్తుంది. ఒక పిల్ల లేచేలోగా, ఒక కారు వచ్చేలోగా, భర్త తిరిగొచ్చేలోగా రాసిన ముక్కలు అవి. పొయ్యి మీద కూర మాడకుండా చూసుకుంటూ కథ రాసిన మన రచయిత్రులకి ఆ పేజీల నడక కొత్తగా అనిపించదు. పెళ్ళి విరిగిపోయే దాకా వెళ్ళిన సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కానీ మనలో చాలామందిమి ఆ పుస్తకాన్ని ఎందుకు తెరుస్తాం? ‘అపొకలిప్స్ నౌ’ ఎలా తయారైందో తెలుసుకోడానికి. అంటే పాఠకులుగా మనం కూడా ఆమెని భర్త పనికి వెంట వచ్చిన మనిషిగానే చదువుతున్నాం.

ఆ పుస్తకంలో ఒక టెలెక్స్ సంగతి ఉంది. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికీ అదే కీలకం. ఎలినార్ అమెరికా తిరిగి వచ్చి ఉన్న రోజుల్లో భర్తకి ఒక టెలెక్స్ పంపింది. వైన్లు, మాంసం ముక్కలు, ఎయిర్ కండిషనర్లు తెప్పించుకుంటూ నువ్వు అక్కడ నీ సొంత వియత్నాం ఏర్పాటు చేసుకుంటున్నావు, ఏ పరిస్థితిని బయటపెట్టాలని వెళ్ళావో దాన్నే నువ్వు తయారు చేస్తున్నావు అన్నది దాని సారాంశం. దాని నకళ్ళు అతనితో పనిచేసే వాళ్ళకి కూడా పంపింది. భర్త మండిపడ్డాడు. నమ్మకద్రోహంగా తీసుకున్నాడు.

సరే, 1979 మే నెలకి రండి. కాన్ చలనచిత్రోత్సవంలో విలేకరుల ముందు అదే ఫ్రాన్సిస్ కొపోలా, తన సినిమా వియత్నాం గురించి కాదని, అదే వియత్నాం అని చెప్పాడు. అడవిలో చాలా ఎక్కువమందిమి ఉన్నామని, చేతిలో చాలా డబ్బు, చాలా సామగ్రి ఉన్నాయని, మెల్లమెల్లగా మతి తప్పిందని కూడా అన్నాడు. సినిమా చరిత్రలో చాలా ప్రసిద్ధమైన ప్రకటన అది. ఇప్పటికీ ఆ సినిమా గురించి రాసే ప్రతివాళ్ళూ దాన్ని తలుచుకుంటారు.

ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆలోచన దాదాపు ఒకటే. భార్య ముందు చెప్పింది, పని జరుగుతున్నప్పుడే చెప్పింది, ఇంకా ఏమన్నా మార్చుకోడానికి వీలున్నప్పుడు చెప్పింది. అది ద్రోహం అయింది. భర్త తర్వాత చెప్పాడు, పని అయిపోయాక చెప్పాడు, బహుమతి రాబోయే వేదిక మీద చెప్పాడు. అది ఆత్మవిమర్శ అయింది, కళాకారుడి నిజాయితీ అయింది. భార్య మాట నుంచే అతను దాన్ని తీసుకున్నాడని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, నా వాదనకి దాని అవసరం కూడా లేదు. ఒకే విమర్శ ఎవరి నోటి నుంచి వస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ విషయం. గదిలో, భర్త చెవిలో చెప్పి ఉంటే అది మంచి భార్య సలహా అయ్యేది. తప్పు అభిప్రాయంలో లేదు, నకళ్ళలో ఉంది. వెంట వచ్చిన మనిషికి చూసే హక్కు ఉంటుంది, చూసినదాన్ని పనివాళ్ళ మధ్య పెట్టే హక్కు ఉండదు.

ఈ ఏర్పాటుకి సామాజిక శాస్త్రం ఒక పేరు పెట్టింది. 1973లో హానా పాపనెక్ ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ’లో రాసిన వ్యాసంలో ‘ఇద్దరు మనుషుల ఉద్యోగం’ అన్న భావనని ముందుకు తెచ్చింది. సంస్థ ఒకరినే ఉద్యోగంలోకి తీసుకుంటుంది, జీతం ఒకరికే ఇస్తుంది, కానీ పని ఇద్దరిదీ తీసుకుంటుంది. అతిథులకి వండిపెట్టడం, విందుల్లో నవ్వుతూ నిలబడడం, బదిలీ అయిన ప్రతిసారీ ఇల్లు విప్పి మళ్ళీ కట్టడం, భర్త చిరాకుని ఆఫీసు దాకా పోనివ్వకుండా ఇంట్లోనే ఆపడం. వీటికి ప్రతిఫలంగా ఆమెకి దొరికేది భర్త విజయంలో వాటా ఉందన్న భావన. పాపనెక్ దక్షిణాసియాలో పరదా వ్యవస్థ మీద కూడా పరిశోధన చేసిన మనిషి. ఇల్లు, బయట అన్న గీత ఎవరి సౌకర్యం కోసం గీస్తారో ఆమెకి బాగా తెలుసు.

ఇది ఊహ కాదు, ఒకప్పుడు కాగితం మీద ఉన్న సంగతే. అమెరికా విదేశాంగ శాఖలో 1972 దాకా అధికారి పనితీరు నివేదికలో భార్య ప్రవర్తన గురించి కూడా రాసేవారు. ఆమె విందులు ఎలా ఇస్తోంది, నలుగురితో ఎలా మెలుగుతోంది అన్నది భర్త పదోన్నతి లెక్కలోకి వచ్చేది. 1972లో ఆ పద్ధతి మానేసి, అధికారి భార్య స్వతంత్ర వ్యక్తి, ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాదు అని ప్రకటించారు. మంచిదే. కానీ చిత్రం చూడండి! మార్కులు వెయ్యడం ఆగింది, పని ఆగలేదు. అంతవరకూ కనీసం ఒక నివేదికలో నమోదైన శ్రమ ఆ తర్వాత పూర్తిగా ఆమె ఇష్టాయిష్టాల కింద జమ అయింది.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పుకోవాలి. ఇంతవరకూ నేను మాట్లాడింది పెద్ద హోటళ్ళలో దిగగలిగిన స్త్రీల గురించి. భర్త పనికి వెంట వెళ్ళే స్త్రీలు వాళ్ళు మాత్రమే కాదు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా నుంచి ఏటా చెరకు కోతకి వలస వెళ్ళే భార్యాభర్తలని ఒక ‘కోయితా’గా లెక్కిస్తారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక కొడవలి, ఒక లెక్క. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఆ జంటకి కలిపి ఒక్కటే. పాపనెక్ జీతగాళ్ళ ఇళ్ళల్లో చూసిన సూత్రం ఇక్కడ ఏ ముసుగూ లేకుండా నడుస్తోంది. ఒక తేడా మాత్రం ఉంది. చెరకు తోటకి వెళ్ళిన స్త్రీని ‘సరదాగా వెళ్ళింది’ అని ఎవరూ అనరు. ఆమె శ్రమ కళ్ళెదుట కనిపిస్తుంది, అయినా విడిగా లెక్కకి రాదు. హోటల్ గదిలో స్త్రీ శ్రమ అసలు కనిపించనే కనిపించదు. ఈ ఇద్దరి కష్టం ఒకటే అనడం అబద్ధం. ఇద్దరినీ లెక్క రాసే పుస్తకం మాత్రం ఒకటే.

ఇప్పుడు కూతురి సినిమాకి వద్దాం. ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’లో షార్లట్ అనే అమ్మాయి ఫోటోగ్రాఫర్ భర్తతో టోక్యో వస్తుంది. పెళ్ళయి రెండేళ్ళు. తత్వశాస్త్రం చదివింది. భర్త పొద్దున్నే పనికి వెళ్ళిపోతాడు. ఆమె ఎత్తైన హోటల్ కిటికీలో కూర్చుని ఊరిని చూస్తూ ఉంటుంది. గుడికి వెళ్తుంది, మంత్రాలు విన్నా ఏమీ అనిపించలేదని స్నేహితురాలికి ఫోన్ చేసి ఏడుస్తుంది, అవతలి మనిషికి వినే తీరిక ఉండదు. భర్తకి తెలిసిన ఒక సినిమా నటి, హోటల్లో ఈవ్లిన్ వా అన్న మారుపేరుతో దిగానని చెప్తుంది. ఈవ్లిన్ వా మగ రచయిత అని షార్లట్ తర్వాత అంటే, అది ఎత్తి చూపడం ఎందుకని భర్త విసుక్కుంటాడు. వెంట వచ్చిన మనిషికి చదువుండొచ్చు, భర్త పని మనుషుల ముందు దాన్ని వాడకూడదు. ఆ చిన్న సన్నివేశం టెలెక్స్ కథకి చెల్లెలు లాంటిది.

ఈ సినిమా నాకు ఇష్టం. 2004లో దీని స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చినప్పుడు ఆ స్థానంలోని స్త్రీ ఒంటరితనం మొదటిసారి అంత పెద్ద తెర మీద నిలబడిందనే అనుకుంటాను. కానీ దీన్ని తల్లి పుస్తకం పక్కన పెట్టినప్పుడు ఒక మార్పు కనిపిస్తుంది. షార్లట్ చేతిలో ఏ పనీ లేదు. పిల్లలు లేరు, వంట లేదు, కెమెరా లేదు. తల్లి దగ్గర శ్రమగా ఉన్నది కూతురి దగ్గర శూన్యం అయింది. ఆ శూన్యాన్ని సినిమా చాలా అందంగా చూపిస్తుంది. మరి ఆ పని అంతా ఎక్కడికి పోయింది?

అది లిడియా దగ్గరికి పోయింది. లిడియా గుర్తుందా? సినిమాలో మనకి ఆమె ముఖం కనపడదు. విస్కీ ప్రకటన కోసం టోక్యో వచ్చిన నడివయసు నటుడు బాబ్ హారిస్ భార్య ఆమె. వెంట రాలేదు. ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ, ఇల్లు మరమ్మతు చేయిస్తూ, అలమరాల గురించి ఫ్యాక్సులు, తివాచీ ముక్కల నమూనాలు పంపిస్తుంది. ఫోన్లో ఆమె గొంతు వినపడినప్పుడల్లా ప్రేక్షకులు నవ్వుతారు, లేకపోతే బాబ్ మీద జాలి పడతారు. ఒకే సినిమాలో ఇద్దరు భార్యలు. వెంట వచ్చిన భార్య ఖాళీ కవిత్వం అయింది. ఇంట్లో ఉండిపోయిన భార్య పని సణుగుడు అయింది. ఇద్దరినీ ఆ స్థానాల్లో కూర్చోబెట్టింది మగవాళ్ళ ఉద్యోగ ప్రయాణాలే. అయినా మనం షార్లట్‌తో కలిసి లిడియాని చూసి విసుక్కుంటాం. షార్లట్ ఇంకో పదిహేనేళ్ళు ఆ పెళ్ళిలో ఉంటే లిడియా అవుతుంది కదా అన్న ఆలోచన సినిమా మనకి రానివ్వదు.

మధ్యలో 1991లో ఇంకొకటి జరిగింది. ఎలినార్ ఫిలిప్పీన్స్‌లో తీసిన దృశ్యాలు ఒకటిన్నర దశాబ్దం తర్వాత ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే డాక్యుమెంటరీగా బయటికి వచ్చాయి. దాన్ని ప్రధానంగా ఫాక్స్ బార్, జార్జ్ హికెన్‌లూపర్ అనే ఇద్దరు దర్శకుల సినిమాగా చెప్పుకుంటారు. దృశ్యాలు ఆమెవి, వెనక వినిపించే గొంతు ఆమెది. ఇఫుగావో తెగవాళ్ళు దున్నపోతుని బలి ఇచ్చే తంతుని భర్తతో పాటు చూసి ఆమె చిత్రీకరించింది కూడా అందులో ఉంది. ‘అపొకలిప్స్ నౌ’ ముగింపుకి ఆ తంతే ప్రేరణ. ఇంత చేసిన మనిషిని ఇంకా ‘కొపోలా భార్య’ అన్న మాటతోనే పరిచయం చేస్తూ వచ్చారు. 2024 ఏప్రిల్‌లో ఆమె చనిపోయింది.

‘పారిస్ కెన్ వెయిట్’ సంగతి. నిర్మాత అయిన భర్తతో యాన్ కాన్ వస్తుంది. భర్త ఎప్పుడూ ఫోన్లోనే. చెవినొప్పి వల్ల ఆమె విమానం ఎక్కలేకపోతుంది. భర్త వ్యాపార భాగస్వామి, ఒక ఫ్రెంచి మగవాడు, ఆమెని కారులో పారిస్ తీసుకెళ్తాడు. ఒక్కరోజు ప్రయాణం భోజనాలతో, ఊళ్ళతో సాగిపోతుంది. సినిమాలో తిండి, వైను మరీ ఎక్కువ, ప్రకటనల పుస్తకంలా ఉంటుందన్నది నిజమే. భర్త కారు దిగి ఇంకో మగవాడి కారు ఎక్కితే దాన్ని స్వేచ్ఛ అనాలా అన్న ప్రశ్న కూడా నాకుంది. పైగా ఆ భోజనాలకి అతను వాడేది ఆమె క్రెడిట్ కార్డే! అయినా ఒక్క విషయం కోసం నేను ఈ సినిమాని పట్టుకుంటాను. యాన్ చేతిలో ఒక చిన్న కెమెరా ఉంది. రొట్టె ముక్క, బట్ట నేత, పళ్ళెం అంచు, ఇలా చాలా దగ్గర నుంచి వస్తువుల్ని తీస్తూ ఉంటుంది. అందరూ చూసే పెద్ద దృశ్యాన్ని వదిలేసి పక్కనున్న ముక్కని తీస్తుంది. 1976లో తన చేతికి ఇచ్చిన కెమెరాని నలభయ్యేళ్ళ తర్వాత ఎలినార్ తన కథానాయిక చేతికి ఇచ్చింది. కూతురు ఖాళీ చేసిన చేతుల్లో తల్లి మళ్ళీ పని పెట్టింది.

ఇది ఎక్కడో హాలీవుడ్ సంగతి అనుకోనక్కర్లేదు. మన దగ్గర పోతం జానకమ్మ 1873లో భర్త రాఘవయ్యతో మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళింది. ఆమె యాత్రా రచన 1876లో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’గా ఇంగ్లీషులో అచ్చయింది. భండారు అచ్చమాంబ భర్త ఉద్యోగం వల్ల తెలుగునేలకి దూరంగా, మధ్యపరగణాలలో బతికింది. హిందీ, మరాఠీ నేర్చుకుంది. తెలుగుతో పాటు ఇతర ప్రాంతాల స్త్రీల జీవితాలని కూడా కలుపుకుని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాయగలగడంలో ఆ స్థలానికి, ఆ భాషలకి పాత్ర ఉంది. భర్త ఉద్యోగం ఆమెని అక్కడికి చేర్చింది, నిజమే. అక్కడ దొరికినదాన్ని పుస్తకంగా మార్చింది మాత్రం ఆమె శ్రమ. కానీ మన సాహిత్య చరిత్రల్లో ఇలాంటి స్త్రీల గురించి తరచూ కనిపించే మాట ఒకటుంది: ‘భర్త ప్రోత్సాహంతో’. ఏ రచయిత గురించైనా ‘భార్య వంటతో’ అని రాశారా?

ఈ వ్యాసం రాస్తున్న నేను కూడా ఈ లెక్కకి బయట లేను. నా భర్త పాల్గొన్న ఒక వృత్తి సదస్సుకి వెళ్ళినప్పుడు మెళ్ళో వేసుకోమని ఇచ్చిన కార్డు మీద నా పేరు కింద ‘అకంపనీయింగ్ పర్సన్’ అని ఉంది. మిగతా వాళ్ళ పేర్ల కింద వాళ్ళ సంస్థలు, హోదాలు ఉన్నాయి. మా కోసం విడిగా ఒక బస్సు, ఊరు చూడ్డం, చీరల దుకాణం. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ. ఆ వెనకావిడ బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. ఇంకొకావిడ దారి పొడుగునా ఫోన్లో పిల్లవాడికి లెక్కలు చెప్తూనే ఉంది. ఆ బస్సు నిండా పనే ఉంది. కార్డుల మీద లేదు, అంతే.

వెంట వెళ్ళిన స్త్రీలు రాసినవి చదివేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు మార్చుకోవాలని నాకనిపిస్తోంది. ఆమె కళ్ళకి ఏం కనిపించింది అని ఇప్పటిదాకా అడిగాం. స్త్రీ దృక్కోణం, సున్నితమైన పరిశీలన అని మెచ్చుకున్నాం. దానికన్నా ముందు, ఈ పేజీ ఏ రెండు పనుల మధ్య రాసింది, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గరున్నారు, ఆ గది ఎవరు ఊడ్చారు, ఇది రాసినందుకు ఎవరికి కోపం వచ్చింది అని అడగాలి. ఎలినార్ టెలెక్స్‌ని విమర్శ చరిత్రలో ఒక పాఠంగా చదవాలి, భార్యాభర్తల గొడవగా కాదు. ఆ సినిమా మీద అందరికన్నా ముందు విమర్శ రాసిన మనుషుల్లో ఆమె ఒకతె. ఆమె దాన్ని ఒక్కరికే పంపి ఊరుకోలేదు, నకళ్ళు తీసి నలుగురికీ పంపింది.